కొత్త మోడల్ వస్తోంది, ఆగమన్నాను

మా గల్లీలో ఎవరు ఫోన్ కొనాలన్నా, టీవీ కొనాలన్నా, ఆఖరికి ఇన్వర్టర్ బ్యాటరీ మార్చాలన్నా ముందు మా ఇంటి తలుపు కొడతారు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం నాది. పొద్దున్నే మెషిన్లు ఆన్ చేయడం, సాయంత్రం ఆపడం, మధ్యలో పిల్లలు ఊడబీకిన వైర్లు మళ్లీ తగిలించడం. అంతకు మించి నాకు తెలిసింది తక్కువ. కానీ మా బస్తీ ఛత్రినాకలో నేను కంప్యూటర్ సార్‌ని. ఇరవై ఏళ్లుగా ఆ పేరు మోస్తున్నాను. దాచడం ఎందుకు, ఆ పేరంటే నాకు మస్తు ఇష్టం.

అడిగినవాళ్లందరికీ నేను చెప్పే సలహా ఒక్కటే. ఆగండి, కొత్త మోడల్ వస్తోంది. ఈ సలహాలో ఉన్న సుఖం మరే సలహాలోనూ లేదు. ఆగమన్నవాడి తప్పు ఎప్పటికీ బయటపడదు. వచ్చిన మోడల్ బాగుంటే "చూసిండ్రా, నేను చెప్పలే?" అనొచ్చు. బాగాలేకపోతే దాని తరవాతిది ఎలాగూ వస్తుంది.

నా సొంత ల్యాప్‌టాప్‌కు తొమ్మిదేళ్లు. చార్జర్ పిన్ను కింద మడిచిన బస్సు టికెట్ పెడితే తప్ప కరెంటు ఎక్కదు. ఫ్యాను మొదలైతే మా ఇంట్లో మిక్సీ తిరుగుతోందని పక్కింటివాళ్లు అనుకుంటారు. మార్చమని మా ఆవిడ అన్నప్పుడల్లా వచ్చే మోడల్ చూసి కొంటానంటాను. అలా ఎన్నో మోడళ్లు వచ్చాయి, పోయాయి.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోతుంది.

శాలిబండలో ల్యాప్‌టాప్‌లు రిపేరు చేసే భాయ్ ఒకాయన నాకు దోస్తు. కాలేజీ నుంచి వస్తూ రోజూ ఆయన దుకాణంలో అరగంట కూర్చుంటాను. చాయ్ వస్తుంది. ఆ అరగంటా మేము మాట్లాడేది రాబోయే మోడళ్ల గురించే. ఎక్కడో ఏదో దేశంలో ఒక దుకాణంవాడు పొరపాటున పేజీ పెట్టి పది నిమిషాల్లో తీసేశాడట. ఫ్యాక్టరీ నుంచి ఒక ఫోటో బయటికొచ్చిందట, అందులో కనిపించేది ఒక మూల, ఒక స్క్రూ. ఆ మూలను పెద్దది చేసి, ఈసారి మందం తగ్గిస్తున్నారని నేనంటే, కాదు, అది కెమెరా కోణమని భాయ్ అనేవాడు. డాలర్లను రూపాయల్లోకి మార్చి, పన్ను కలిపి, ఇక్కడ ఎంతకు అమ్ముతారో చెరొక ధర చెప్పుకునేవాళ్లం. ఎవరి ధర తప్పితే వాళ్లు ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాలి. ఇద్దరం కలిసి ఆ మోడళ్లలో ఒక్కటీ కొన్నది లేదు.

పోయినేడు ఎండాకాలం నుంచి ఒక మోడల్ గురించి పుకార్లు మొదలయ్యాయి. ఆ కంపెనీ పేరు రాయను, రాస్తే మళ్లీ తిట్టాలి. మెమరీ రెండింతలు, ధర మాత్రం పాతదే అన్నారు. ఫ్యాను చప్పుడే ఉండదన్నారు. బ్యాటరీ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వస్తుందన్నారు. వినాయక చవితి లోపల విడుదలని, ధర అరవై ఐదు వేలు దాటదని నేను రోజూ చూసే వీడియోలాయన ఒట్టు పెట్టినంత గట్టిగా చెప్పాడు. ఆయన వెనక ఎప్పుడూ ఒక పసుపు లైటు వెలుగుతూ ఉంటుంది. సొంత బామ్మర్ది చెప్పినా నేను అంతగా నమ్మను.

బోనాల వారంలో ఒక సాయంత్రం మా గల్లీ చివరి పాలాయన, ఆయన కూతురు మా ఇంటికొచ్చారు. ఆయనకు పన్నెండు బర్రెలున్నాయి. మా ఇంటికి పాలు పోసేది ఆయనే, వాళ్ల నాయన కాలం నుంచీ ఆ ఇంటి పాలే. కూతురు డిగ్రీ చదివి, సంతోష్‌నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో యానిమేషన్ నేర్చుకుంది. గచ్చిబౌలి దిక్కు ఒక స్టూడియోవాళ్లు పరీక్ష పెడితే రాసి గెలిచింది. ఆరు నెలలు శిక్షణ, తరవాత అక్కడే ఉద్యోగం. దసరా పోయిన సోమవారం చేరాలి. ఒకటే షరతు, సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలి. అది ఎలాంటిదై ఉండాలో ఒక కాగితం మీద అచ్చేసి ఇచ్చారు.

"డెబ్బై వేల దాకా పెడ్త సార్" అన్నాడు పాలాయన. "బర్రెను అమ్మి పెట్టిన. ఏది కొనమంటే అది కొంట. నాకేమెర్క, మీరు జెప్పాలె."

ఆ పిల్ల కాగితం నా చేతికిచ్చింది. "అంకుల్, ఇండ్ల రాసినదానికి పోయినేడు మోడలే సరిపోతది. మా ఇన్‌స్టిట్యూట్‌ల గదే ఉంది, నేను దాని మీదనే నేర్చుకున్న."

నేను కాగితం వైపు ఒకసారి చూసి బల్ల మీద పెట్టేశాను. ఆ మాట విన్నాను, వినలేదని ఎలా అంటాను? కానీ అప్పటికే నా నోట్లో మాట కదులుతోంది. వచ్చే మోడల్ మెమరీ గురించి, తెర గురించి, బ్యాటరీ గురించి పావుగంట చెప్పాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. పాలాయనకు ఒక్క ముక్క ఎక్కలేదు. అప్పుడు నాకు భలే ఉపాయం తట్టిందనుకున్నాను.

"అన్నా, ఇప్పుడు దుకాణంల ఉన్నది కొంటే ఒట్టిపోయిన బర్రెను కొన్నట్టు. రెండు నెలలల్ల కొత్తది వస్తది. అదే ధర, పాలు రెండింతలు."

ఆయన మొహం విప్పారింది. "అంటే సూడి మీదుందన్నట్టు?"

"అట్లనే అనుకో."

"మరి ముందుగాలనే చెప్పొద్దా సార్! సూడి బర్రె అంటే ఆగుడే."

ఆ మాట అన్నప్పుడు నేను ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను కొట్టుకోబుద్ధేస్తుంది. సూడి బర్రె అంటే ఆయనకు కేవలం పోలిక కాదని నాకు తెలియదు. ఆ పనిలో దానికొక కట్టుబాటు ఉంది. కడుపుతో ఉన్న బర్రెకు ధర మాట్లాడుకుని బయానా ఇచ్చాక, అది ఈనేదాకా ఇంకో కొట్టం మొహం చూడకూడదు. మధ్యలో వేరేచోట మంచి బేరం దొరికినా పోకూడదు. ఈనడం పది రోజులు ఆలస్యమైనా అడగకూడదు. పోతే మాట తప్పినవాడని కార్వాన్ దాకా పేరు పడుతుంది, మళ్లీ ఎవరూ మంచి బర్రెను చూపించరు. మా గదిలో ఆ సాయంత్రం ఆయన నాతో అలాంటి మాటే ఒకటి ఇచ్చిపుచ్చుకున్నాననుకున్నాడు. ఒక్క రూపాయి బయానా లేదు, బర్రె లేదు, ఉన్నదల్లా ఒక పుకారు.

మర్నాటి నుంచి పాలు పోస్తూ రోజూ అడిగేవాడు.

"ఏం సార్, ఈనిందా?"

"ఇంకా లేదన్నా."

"కానియ్యి, తొందరేముంది."

మొదట్లో మేమిద్దరం నవ్వుకునేవాళ్లం. శాలిబండలో చెబితే భాయ్ కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన కూడా నన్ను చూడగానే "క్యా సాబ్, ఈనిందా?" అనడం మొదలుపెట్టాడు.

ఆగస్టు మధ్యలో భాయ్ దగ్గరికి ఆ పిల్ల చెప్పిన పాత మోడలే ఒకటి వచ్చింది. పెట్టె సీలు కూడా తీయలేదు. ఎవరో కొనుక్కుని, విప్పక ముందే డబ్బు అవసరమై ఇచ్చేశారు. బిల్లు ఉంది, గ్యారంటీ ఉంది, అరవై ఎనిమిది వేలకు ఇస్తానన్నాడు.

"సాబ్, ఆ దూద్‌వాలే కీ బచ్చీకి ఇది పట్టుకపోండ్రి. ముచ్చట్లు మనకు ఎట్లైనా ఉంటయ్. పిల్లకు చదువు గావాలె గదా."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో భాయ్ మీద నాకు కోపం వచ్చింది. రోజూ నాతో కూర్చుని అదే మోడల్ గురించి మాట్లాడేవాడు ఇలా ప్లేటు ఫిరాయిస్తాడా అనిపించింది. "ఇంకో ఇరవై రోజులల్ల వచ్చేదానికి ఇప్పుడు పాతది అంటగడ్తవా భాయ్?" అన్నాను. ఆయన పెట్టె లోపల పెట్టేశాడు. ఆ సంగతి నేను పాలాయనకు చెప్పలేదు. చెప్పినా ఆయన ఒప్పుకునేవాడు కాదని చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ పిల్ల ఒప్పుకునేది.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇక్కడ కాకపోతే ఎక్కడ చెబుతాను. ఆ కొత్త మోడల్ పెట్టె నా చేత్తో విప్పాలని నాకు ఉండేది. పాలాయన కొంటే అన్నీ ఎక్కించి ఇవ్వడానికి రెండు రోజులు మా ఇంట్లోనే ఉంటుంది. ఆ రెండు రోజుల కోసం నేను ఎదురుచూశాను. నా డబ్బు పోకుండా, నా ఇంట్లో, నా ముందు కొత్త మోడల్. ఆ ఆశ నా సలహాలో ఎంత కలిసి ఉందో అప్పుడు నాకు తెలియదు అంటే అబద్ధం.

వినాయక చవితి వచ్చింది. గల్లీలో విగ్రహం పెట్టారు, డప్పులు మోగాయి, నిమజ్జనం కూడా అయిపోయింది. కంపెనీ నుంచి చప్పుడు లేదు. పసుపు లైటాయన కొత్త వీడియో పెట్టాడు. ఆలస్యానికి కారణం మరింత మంచి తెర అట. కంపెనీ వాడి గొంతు పట్టుకోవాలన్నంత మంట పుట్టింది. ఒక తేదీ చెప్పడానికి వీళ్లకు ఏం రోగం? పుకార్లను పుట్టనిస్తారు, ఔననరు, కాదనరు, జనం నోళ్లు తెరుచుకుని కూర్చుంటే లోపల నవ్వుకుంటారు. ఇంట్లో ఊరికే విసుక్కునేవాణ్ని. కాలేజీలో పిల్లలను కసిరేవాణ్ని.

పాలాయన మాత్రం చలించలేదు. "పది దినాలు అటిటు అయితనే ఉంటది సార్. ఈనే బర్రెను తొందరపెడ్తె దూడ ఆగమైతది" అని నన్నే ఓదార్చాడు.

ఒకరోజు నేను కాలేజీకి బయల్దేరుతుంటే ఆ పిల్ల బస్‌స్టాప్ దగ్గర నిలబడి ఉంది. నా కోసమే వచ్చింది.

"అంకుల్, ఇంక మూడు వారాలే ఉన్నయ్. ఇప్పుడే కొనమని బాపుకు మీరొక్క మాట చెప్పుండ్రి. నేను చెప్తే ఇంటలేడు. సార్ మాటిచ్చిండు అంటడు."

"నేనేం మాటిచ్చిన బిడ్డా? వస్తదని చెప్పిన, గంతే."

"బాపుకు రెండూ ఒకటే అంకుల్."

"సరే, సరే. ఇంకో పది రోజులు చూద్దాం. పెత్తరమాస ముంగట ఎవరైనా కొత్త సామాను కొంటరా? మీ అమ్మ ఒప్పుకోదు."

పితృపక్షాల పేరు చెప్పి తప్పించుకున్నాను. జీవితంలో ఎన్నడూ తిథి చూసి చెప్పు కూడా కొనని మనిషిని నేను. ఆ పిల్ల "మీరు గూడ గిట్లనే అంటరా అంకుల్" అని వెళ్లిపోయింది. బస్సు వచ్చింది, నాకు కిటికీ పక్కన సీటు దొరికింది, వెంటనే ఫోన్ తీసి కొత్త లీకులేమైనా ఉన్నాయా అని చూశాను.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు ఆ మోడల్ విడుదలైంది. పొద్దున లేచి, పళ్లు కూడా తోముకోకుండా లాంచ్ వీడియో పెట్టుకున్నాను. ముప్పావు గంట. అందులో సగం మనుషులు నవ్వడమే. చివర్లో ధర చెప్పారు. డాలర్లలో చెప్పింది లెక్కేసుకుంటే మనకు తొంభై వేలు దాటుతోంది. మెమరీ పాతదెంతో అంతే. రెండింతలు కావాలంటే ఇంకో ఇరవై వేలు. మన దేశంలో ఎప్పుడు అమ్ముతారంటే 'త్వరలో' అని ఉంది. ఆ 'త్వరలో' చూసి నేను ఫోన్‌ను మంచం మీద విసిరేశాను. అయిదు నెలలు నేను నమ్మిందాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. ఫ్యాను చప్పుడు మాత్రం తగ్గిందట.

కాసేపటికి గిన్నె చప్పుడైంది. పాలాయన.

"ఈనింది గానీ అన్నా..." అన్నాను. తొంభై దాటిందని, ఇక్కడికి ఎప్పుడొస్తుందో తెలియదని చెప్పాను. ఆయన పాలు పోసి మూత పెట్టాడు.

"మరి ఏం జేద్దాం సార్?"

గొంతులో కోపం లేదు. అదే నాకు మరీ మంటగా ఉంది. రెండు తిట్లు తిడితే నేనూ రెండు మాటలు అనేవాణ్ని.

ఆ సాయంత్రమే భాయ్ దుకాణానికి పరుగెత్తాను. ఆ సీలు పెట్టె నెల కిందటే ఎవరో పట్టుకుపోయారట. "ఇప్పుడు అది గూడ దొరకది సాబ్. మెమరీ చిప్పులు పిరమైనయ్. పాత మాల్ మీద గూడ రేట్లు పెంచిండ్రు. పండుగ వేరే" అన్నాడు. నేను బిస్కెట్లు తెప్పించాలి నిజానికి, ధర నాదే తప్పింది. ఇద్దరి నోటా ఆ ఊసు రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కోఠి అంతా తిరిగాం, పాలాయన, ఆయన కూతురు, నేను. ఉన్నచోట మెమరీ సరిపోదు, సరిపోయినచోట స్టాక్ లేదు. దసరా పోయిన శనివారం సంతోష్‌నగర్‌లో ఒక దుకాణంలో ఇంకో కంపెనీది దొరికింది. కాగితంలో రాసినవన్నీ ఉన్నాయి. ధర ఎనభై రెండు.

ఆ పిల్ల దాని మూత తెరిచి, రెండు నిమిషాలు అటూ ఇటూ చూసింది. "బాపు, ఇది సాలు. ఇది తీస్కుందం."

పాలాయన నా వైపు చూశాడు. చేతిలో డెబ్బై ఉన్నాయి, మిగతాది తెల్లారి పాల డబ్బులతో సర్దొచ్చునని ఆయన కళ్లలోనే కనిపిస్తోంది. నేను తలూపితే చాలు, అయిపోయేది. కానీ పన్నెండు వేలు ఊరికే ఎక్కువ పెట్టిస్తున్నానే అనిపించింది నాకు. నా మాట విని ఆగినవాడు ఇంకా ఎక్కువ పెట్టాల్సి వస్తే కంప్యూటర్ సార్ పరువేం కావాలి? ఫోన్‌లో చూస్తే ఇదే మోడల్ డెబ్బై మూడుకు ఉంది, బుధవారం ఇంటికి తెచ్చిస్తారట.

"నాలుగు రోజులు ఆగుదాం అన్నా. బుధవారానికి వచ్చేస్తది. సోమవారం మంగళవారం నా ల్యాప్‌టాప్ తీస్కపోతది బిడ్డ. మొదటి రెండు రోజులు ఎవడు చూస్తడు, అంతా పరిచయాలే ఉంటయ్. గుడ్డి కన్నా మెల్ల మేలు."

ఆ పిల్ల ల్యాప్‌టాప్ మూత మూసేసింది. పాలాయన "సార్ చెప్తుండు గదా" అన్నాడు, ఆమెకు చెప్పినట్టూ ఉంది, తనకు తాను చెప్పుకున్నట్టూ ఉంది. అక్కడే నిలబడి ఫోన్‌లో ఆర్డరు పెట్టాను.

సోమవారం పొద్దున్నే ఆ పిల్ల వచ్చి నా ల్యాప్‌టాప్ తీసుకెళ్లింది. చార్జర్ పిన్ను కింద టికెట్ ఎలా పెట్టాలో చూపించాను. దాన్ని పట్టుకుని రెండు బస్సులు మారి గచ్చిబౌలి వెళ్లింది. అక్కడ ఏం జరిగిందో ఆ సాయంత్రం వాళ్ల ఇంటి ముందు, బర్రెలకు గడ్డి వేస్తూ ఆమె చెబితే విన్నాను. పరిచయాలేవీ లేవట. రాగానే వరసగా అందరి ల్యాప్‌టాప్‌లూ తెరిపించి, స్టూడియోవాళ్ల సాఫ్ట్‌వేర్ ఎక్కించారట. ఈమె వంతు వచ్చేసరికి నాది ఆన్ కాలేదు. టికెట్ పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. వెనక పదిహేను మంది నిలబడి చూస్తున్నారు. చివరికి ఆన్ అయింది, ఫ్యాను మోగింది, ఎవరో నవ్వారు. సాఫ్ట్‌వేర్ సగం ఎక్కి ఆగిపోయింది.

"ఈ మెషిన్ దీనికి పనికిరాదమ్మా అన్నరు. బుధవారం కొత్తది వస్తది సార్ అన్న. కాగితంల మొదటి రోజే అని రాసి ఉంది గదా, రెండు నెలలు టైమిచ్చినం గదా అన్నరు. నా తర్వాత వెయిటింగ్‌ల ఉన్న పిల్లగానికి ఫోన్ చేసిండ్రు. వాడు తెల్లారి వస్తనన్నడు."

"నేను మాట్లాడ్త. నంబరియ్యి" అన్నాను.

"ఏమని మాట్లాడ్తరు అంకుల్?"

నా ల్యాప్‌టాప్ ఆమె సంచిలోంచి తీసి ఇచ్చింది. చార్జర్ చుట్టి, మడత టికెట్ పోకుండా దాని మీద రబ్బరు బ్యాండు వేసింది. అంత జరిగినా నా వస్తువు జాగ్రత్తగా తెచ్చింది. నాకు ఏడుపొచ్చింది. కొట్టం పక్కన పేడ వాసనలో నిలబడి ముక్కు చీదుకున్నాను. పాలాయన లోపల బర్రె కింద కూర్చుని పాలు పిండుతున్నాడు, తల తిప్పలేదు.

బుధవారం డెలివరీ కూడా రాలేదు. శుక్రవారం అని మారింది, తరవాత ఆర్డరే రద్దయింది.

మళ్లీ బ్యాచ్ ఎప్పుడో చెప్పలేమన్నారు. ఎప్పుడు పెట్టినా పరీక్ష మళ్లీ రాయాలన్నారు. ఆ పిల్ల పొద్దున గల్లీలో ఒక పాల ప్యాకెట్ల దుకాణం కౌంటర్లో కూర్చోవడం మొదలుపెట్టింది. గల్లీలో వాళ్లు "ఏం బిడ్డా, ఉద్యోగం అన్నరు?" అని అడుగుతారు. ఆమె ఏదో చెబుతుంది. నేను అటు వైపు నుంచి వెళ్లడం మానేసి, బస్‌స్టాప్‌కు వెనక సందులోంచి పోతున్నాను. అది ఎక్కువ దూరం.

శాలిబండలో కూర్చోవడం తగ్గించాను. పసుపు లైటాయన వీడియోలు చూడను అనుకున్నాను, పది రోజులు చూడలేదు. పదకొండో రోజు చూశాను. ఎండాకాలంలో ఇంకోటి వస్తోందట. ఈసారి అందరూ ఎదురుచూస్తున్నదేనట. వినేకొద్దీ ఒళ్లు మండింది, అయినా చివరిదాకా విన్నాను. ఈ పిచ్చి నాకు ఎందుకు పట్టుకుందో, ఎప్పుడు వదులుతుందో నాకు అర్థం కాదు. ఆ మనిషిని తిట్టుకున్నాను, కంపెనీని తిట్టుకున్నాను, చిప్పుల ధరలను తిట్టుకున్నాను. ఎంత తిట్టినా, బల్ల మీద పడేసిన ఆ కాగితం దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. దాంట్లో రాసింది అయిదు వరసలు. ఆ పిల్ల నేర్చుకున్న మెషిన్ దానికి సరిపోతుందని ఆ పిల్లే చెప్పింది. ఆ పని చేయబోయేది ఆమె. ఇన్ని నెలల్లో నేను ఆమెను ఒక్కసారి కూడా "నీకేం కావాలె బిడ్డా?" అని అడగలేదు.

దీపావళి పోయాక ఒక ఆదివారం పాలాయన పాలు పోస్తూ, "సార్, ఇయ్యాల కొంటున్నం" అన్నాడు. "పరీక్ష పెట్టినప్పుడే పెట్టనీ, ఇంట్ల నేర్చుకుంట అంటుంది బిడ్డ. పదకొండు గంటలకు పోదాం, తయారుండుండ్రి."

నమ్మలేకపోయాను. ఇంత జరిగాక కూడా ఆయన నన్ను పిలుస్తున్నాడు. ఈసారి నోరు తెరవను, ఆమె ఏది అంటే అదే, నేను ఊరికే పక్కన నిలబడతాను అని గట్టిగా అనుకున్నాను. పదిన్నరకే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను.

స్కూటర్ వచ్చింది. పాలాయన నడుపుతున్నాడు, వెనక కూతురు. నన్ను ఆటోలో రమ్మని చెప్పడానికి ఆయన బండి ఆపాడు. ఆ పిల్ల దిగి నా దగ్గరికొచ్చింది.

"అంకుల్, మీరు రాకుండ్రి."

"లేదు బిడ్డా, నేనేం మాట్లాడ. ఊకెనే..."

"మాట్లాడకున్నా సరే. మీరు పక్కన నిలబడ్తే బాపు మీ మొఖమే చూస్తడు." తల తిప్పి బండి మీదున్న తండ్రిని చూపించింది. "నేను చెప్పేది నా మొఖం చూసి వినాలె ఆయన. మీరు రాకుండ్రి."

పాలాయన "అట్లనొద్దు బిడ్డా, సార్..." అన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగింది. సూటిగా చూసింది. ఆయన ఆమెనే చూశాడు. తరవాత నా వైపు చూడకుండా కిక్కు కొట్టాడు.

"పోయొస్తం సార్."

బండి గల్లీ మలుపు తిరిగింది. నేను గేటు వేసి లోపలికొచ్చాను. మా ఆవిడ నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

"ఏంది, పోలే?"

"ఆ పిల్ల వద్దన్నది. రాకుండ్రి అన్నది మొఖం మీదనే."

ఆమె వలుస్తున్న చేయి ఆపి, నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసింది.

"ఇన్నేండ్లల్ల ఆ మాట నేను అనలేకపోయిన" అంది.